‘అప్పట్లో అంతే’ అనే అమ్మకందారుతో జాగ్రత్త: జాయ్ డివిజన్ మొదటి ఈపీకి నకిలీ తిరుగుతోంది

పంక్, పోస్ట్-పంక్ సెవెన్ ఇంచ్‌లు (ఏడంగుళాల వినైల్ రికార్డులు) కొనేవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. బ్రిటిష్ బ్యాండ్ జాయ్ డివిజన్ మొదటి ఈపీ (కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు) ‘యాన్ ఐడియల్ ఫర్ లివింగ్’ 1978 నాటి ఒరిజినల్ అని చెప్పి నాకు ఒక నకిలీ అంటగట్టారు. గొడవపడి డబ్బు వెనక్కి రాబట్టుకున్నాను. కానీ రిఫండ్ నిబంధనల ప్రకారం రికార్డుని అమ్మినతనికే తిప్పి పంపాల్సి వచ్చింది. ఇప్పుడు అదే రికార్డో, దాని తోబుట్టువో వేరే ఖాతా పేరుతో మళ్ళీ అమ్మకానికి వచ్చింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ రికార్డు సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. 1977 డిసెంబర్‌లో ఓల్డమ్‌లోని పెనైన్ సౌండ్ స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు. 1978 జూన్‌లో ఎనిగ్మా అని సొంతంగా ఒక రికార్డు కంపెనీ పేరు పెట్టుకుని వెయ్యి కాపీలు వేయించారు. దాని స్లీవ్, అంటే రికార్డుని పెట్టే కవరు, విప్పితే పోస్టర్ అయ్యే ఒక కాగితం. నాలుగు పాటల్ని ఏడంగుళాల్లో ఇరికించేసరికి శబ్దం పీలగా, మసకగా వచ్చింది. దాంతో అదే ఏడాది అక్టోబర్‌లో పన్నెండంగుళాల మీద, వేరే స్లీవ్‌తో, అనానిమస్ రికార్డ్స్ పేరున మళ్ళీ వేశారు. ఈ శబ్దం సంగతి గుర్తుపెట్టుకోండి, మోసమంతా దాని చాటునే నడిచింది.

కొనేముందు అడగాల్సినవన్నీ అడిగాను. పాట అయిపోయాక లేబుల్ (రికార్డు మధ్యలోని గుండ్రటి కాగితం) దాకా మిగిలే ఖాళీ పట్టీ ఉంటుంది కదా, ఆ రన్-అవుట్‌లోని రాతల ఫొటోలు రెండు వైపులవీ అమ్మినతను పంపాడు. రికార్డుల వివరాలు నమోదు చేసే డిస్కాగ్స్ సైట్‌లో ఒరిజినల్‌కి నమోదైన రాతలతో అక్షరం అక్షరం సరిపోయాయి. ధర కూడా చౌకేమీ కాదు, ఒరిజినల్‌కి పలికే ధరే చెప్పాడు. చౌకగా ఇస్తానంటే ఎవరికైనా అనుమానం వస్తుందని అతనికి బాగా తెలుసు.

పార్సిల్ విప్పి రికార్డుని లైటు కింద వంచి చూస్తే, ఫొటోలో ఉన్న రాత ఒకటి, చేతిలో ఉన్నది ఇంకొకటి. అక్షరాల తీరు, వాటి మధ్య ఎడం, లేబుల్‌కి ఎంత దూరంలో ఉన్నాయన్నది, ఏదీ కలవలేదు. అంటే నాకు పంపిన ఫొటోలు ఎవరిదో అసలు కాపీవి. ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి తనవిగా చూపించాడు.

ఆ తర్వాత స్లీవ్ చూశాను. పైన కుడి మూలలో పాత మడత ఒకటి కనిపిస్తోంది. తెల్లటి గీత, దాని పక్కన ఇంకు రాలిన మచ్చలు, అచ్చం ఏళ్ళ తరబడి చేతులు మారిన కాగితానికి ఉండే మడతే. వేలితో తడిమితే మాత్రం నున్నగా ఉంది. అక్కడ మడత లేదు, మడత బొమ్మ ఉంది. ఎవరిదో అసలు స్లీవ్‌ని స్కాన్ చేసి ముద్రించినప్పుడు దాని ముసలితనం కూడా అచ్చయిపోయింది. లేబుల్ దగ్గర ఇంకా స్పష్టంగా దొరికిపోయాడు. బి సైడ్ లేబుల్ అంచున నీలి బాల్‌పాయింట్‌తో రాసినట్టు ఇంగ్లిష్ ‘ఆర్’ అక్షరం ఉంది, ఎవరో పాత యజమాని తన గుర్తుగా రాసుకున్నట్టు. పెన్నుతో రాస్తే కాగితం మీద నొక్కు పడుతుంది, ఏటవాలు వెలుతురులో ఇంకు కాస్త మెరుస్తుంది. దీనికి నొక్కూ లేదు, మెరుపూ లేదు. భూతద్దం పెడితే అది గీతే కాదు, నీలం, గులాబీ చుక్కల గుంపు.

ఇక శబ్దం. రికార్డు మీద ఒక్క గీత లేదు, అద్దంలా ఉంది. ముల్లు పెడితే చిటపటలు. కడిగి ఆరబెట్టి మళ్ళీ వేస్తే అవే చిటపటలు, అవే చోట్ల. దుమ్మైతే కడిగితే పోవాలి, గీతైతే కంటికి కనపడాలి. నాకు పూర్తిగా ఖాయమైంది మాత్రం రెండు పాటల మధ్య ఖాళీలో. పాట ముగియగానే చిటపట టక్కున ఆగిపోయింది, మళ్ళీ పాట మొదలవగానే మొదలైంది. అరిగిన రికార్డులో గొడవ పాటల మధ్య ఖాళీలోనూ వినపడుతుంది, నిజానికి అక్కడే బాగా వినపడుతుంది. ఇక్కడ ఎవరో పాత కాపీ మీద ముల్లు పెట్టి ఎక్కించుకుని, పాటల మధ్య భాగాన్ని కంప్యూటర్‌లో కత్తిరించి, కొత్తగా ప్రెస్ చేయించారు. ఆ చిటపటలు వేరే రికార్డువి.

ఇవన్నీ రాసి పంపితే ప్రతిదానికీ ఒకటే సమాధానం. శబ్దం మసకగా ఉందా? ‘ఆ ఈపీ అప్పట్లోనే అంత.’ అచ్చు అలికినట్టుందా? ‘డబ్బుల్లేని కుర్రాళ్ళు వేయించుకున్నారు, అప్పట్లో అంతే.’ రన్-అవుట్ రాత వేరుగా ఉందా? ‘అప్పట్లో ఎవరు లెక్కపెట్టారు, రెండు మూడు రకాలు వచ్చి ఉంటాయి.’ కొత్తగా కొనేవాళ్ళు ఈ మాటలకు తలూపే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే సగం నిజం. మనం ఈ రికార్డుల్ని ప్రేమించేదే ఆ లేమి వల్ల. డెస్పరేట్ బైసికిల్స్ అనే బ్యాండ్ 1977లో తమ మొదటి సింగిల్‌కి (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) రెండు వైపులా అవే రెండు పాటలు వేశారు. స్క్రిట్టి పొలిట్టి అనే ఇంకో బ్యాండ్ 1978లో తమ సింగిల్ స్లీవ్ మీద రికార్డింగ్‌కి ఎంతయింది, ప్రెస్సింగ్‌కి ఎంతయింది అని ఖర్చుల పద్దు అచ్చేశారు, చూసినవాళ్ళెవరైనా తామూ చేయగలమని తెలుసుకోవాలని. అంత నిజాయితీగా వచ్చిన సంగీతం పేదరికాన్ని అడ్డం పెట్టుకుని ఒకడు మోసం చేయడం నాకు డబ్బు పోవడం కంటే ఎక్కువ కోపం తెప్పించింది.

నిజమేమిటంటే, చేతిలో డబ్బుల్లేని బ్యాండ్ అయినా రికార్డు వేయించాలంటే ఫ్యాక్టరీకే వెళ్ళాలి. ముందు లాకర్ అనే పూత పూసిన డిస్క్ మీద గాడి కోస్తారు. కోసిన ఇంజనీరే ఆ ఖాళీ పట్టీలో నంబరు గీస్తాడు, ఒక్కోసారి తన సంతకం కూడా. జార్జ్ పెక్హమ్ అనే ఇంజనీరు కోసిన రికార్డుల మీద ‘పోర్కీ ప్రైమ్ కట్’ అని కనిపించేది అందుకే. ఆ డిస్క్ నుంచే లోహపు స్టాంపర్లు (రికార్డుల్ని ఒత్తే అచ్చులు) తయారవుతాయి కాబట్టి, ఒక కోతనుంచి వచ్చిన కాపీలన్నిటి మీదా అదే గీత, అదే వంపు, అదే చోట ఉంటుంది. నకిలీ చేసేవాడి దగ్గర ఆ స్టాంపర్లు ఉండవు, మళ్ళీ కోయించుకోవాల్సిందే. లేబుల్‌ని స్కాన్ చేయగలడు, స్లీవ్‌ని స్కాన్ చేయగలడు, ఇంకొకరి చేతిరాతని అచ్చంగా దించడం మాత్రం కష్టం. స్లీవ్ ఎంత ముద్దొచ్చినా సరే, ముందు రన్-అవుట్ చూడమని నేను మొత్తుకునేది అందుకే.

బూట్‌లెగ్‌లన్నిటినీ (అనుమతి లేకుండా వేసిన రికార్డుల్ని) నేను ఒకే గాట కట్టడం లేదు. 1980ల చివర్లో మొదలైన ‘కిల్డ్ బై డెత్’ సంకలనాలు అనుమతి లేకుండా వేసినవే, కానీ అవి ఒరిజినల్ అని ఎవరినీ నమ్మించలేదు. ఎవరికీ పట్టని ఎన్నో సింగిల్స్ మనదాకా వచ్చింది వాటి వల్లే. ఒరిజినల్ వేషం వేసుకుని ఒరిజినల్ ధరకి అమ్ముడుపోయేది వేరే జాతి. మిస్‌ఫిట్స్ మొదటి సింగిల్ 1977లో 500 కాపీలే వచ్చింది, దానికీ నకిలీలున్నాయి. సెక్స్ పిస్టల్స్‌కి ఏ అండ్ ఎం కంపెనీ వేసిన సింగిల్‌కీ ఉన్నాయి. బజ్‌కాక్స్ ‘స్పైరల్ స్క్రాచ్’ విషయంలో ఇంకో రకం టోపీ: 1979 రీఇష్యూనే (మళ్ళీ వేసిన కాపీనే) 1977 మొదటి ప్రెస్సింగ్ అని అమ్మేస్తుంటారు. స్లీవ్ ముందువైపు ఆ రికార్డు గాయకుడు హవర్డ్ డెవోటో పేరు ఉందంటే అది రీఇష్యూ, అంతకన్నా వెతకక్కర్లేదు.

ఫొటోలు దొంగిలించి పంపేవాళ్ళున్నారు కాబట్టి నేనిప్పుడు ఒక చీటీ అడుగుతున్నాను. నేను చెప్పిన పదమొకటి, ఆ రోజు తేదీ చేత్తో రాసి, దాన్ని రన్-అవుట్ పక్కన పెట్టి ఒకే ఫొటోలో తీయాలి. నిజంగా రికార్డు దగ్గరున్నవాడికి ఇది నిమిషం పని. ‘ఫోన్ కెమెరా సరిగ్గా లేదు’, ‘ఇంకొకరు కూడా అడుగుతున్నారు, త్వరగా తేల్చండి’ అని టెన్షన్ పెడితే ఊరుకోండి, పోతే పోనీ. వీలైతే పాటల మధ్య ఖాళీ వినపడేలా చిన్న ఆడియో కూడా పంపమనండి.

డబ్బు పంపేటప్పుడు పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద వేయమంటే ససేమిరా ఒప్పుకోకండి, దానికి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. నన్నూ అలాగే వేయమన్నాడు, ఫీజు మిగులుతుందని. వస్తువు కొనుగోలు కింద కట్టాను కాబట్టే ఫిర్యాదు చేయగలిగాను. ఫిర్యాదులో శబ్దం బాగాలేదని రాస్తే వాదన సాగుతూనే ఉంటుంది. అతను పంపిన రన్-అవుట్ ఫొటో, వచ్చిన రికార్డు రన్-అవుట్ ఫొటో పక్కపక్కన పెట్టి ‘చూపించిన వస్తువు, పంపిన వస్తువు వేరు’ అని ఒక్క ముక్క రాశాను. రికార్డుల గురించి ఏమీ తెలియని మనిషికి కూడా అది అర్థమవుతుంది. తేలింది దాంతోనే. తిప్పి పంపే ముందు మడత, లేబుల్, రన్-అవుట్ అన్నీ దగ్గరగా ఫొటోలు తీసి దాచాను.

కొత్త ప్రకటనలో రన్-అవుట్ ఫొటోలు మళ్ళీ ఆ దొంగిలించినవే. స్లీవ్, లేబుల్ ఫొటోలు మాత్రం అతని చేతిలో ఉన్నవాటివి: పై కుడి మూలలో అదే మడత, బి సైడ్ లేబుల్ అంచున అదే నీలి ‘ఆర్’. ఒకే స్కాన్‌తో ఎన్ని వేయించాడో కానీ, అన్నిటి మీదా ఆ రెండు గుర్తులూ ఉండి తీరాలి. పాటలు వినాలనే కోరికైతే 2014లో పన్నెండంగుళాల అధికారిక రీఇష్యూ వచ్చింది, నాలుగు పాటలూ అందులో ఉన్నాయి. ఒరిజినలే కావాలనుకుని వెతుకుతున్నవాళ్ళు ఆ మడత, ఆ అక్షరం ఉన్న కాపీ ఎవరి దగ్గర కనపడినా కొనకండి, వెంటనే ఆ సైట్‌కి రిపోర్ట్ చేయండి.