జాగ్రత్త: 'రేస్ గ్రేడ్' ఓరియెంటీరింగ్ కిట్ అని డబ్బు కట్టేముందు ఇది చదవండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఓరియెంటీరింగ్ మీద సరదా పడుతున్నవాళ్ళు ఈమధ్య కాస్త పెరిగారు. మ్యాపు, కంపాస్ పట్టుకుని అడవిలోనో కొండల్లోనో పెట్టిన జెండాలను వరసగా వెతుక్కుంటూ పరుగెత్తే ఆట ఇది, జెండా ఉన్న చోటును కంట్రోల్ అంటారు. రన్నింగ్ గ్రూపుల నుంచి వచ్చినవాళ్ళు కొందరు, ఎన్‌సీసీలో మ్యాప్ రీడింగ్ నేర్చుకుని ఆ రుచి మరిగిన కుర్రాళ్ళు కొందరు. వీళ్ళ ఫోన్లలో ఇప్పుడు ఒక ప్రకటన తిరుగుతోంది. బొటనవేలికి తొడుక్కునే కంపాస్, ప్లాస్టిక్ మ్యాప్ కవరు, ఈల, వాటితోపాటు మన ప్రాంతపు కొండల మీద గీసిన 'ప్రాక్టీస్ మ్యాపులు', మొత్తం కలిపి రూ. 2,800. పైన పెద్ద అక్షరాలతో 'ఇంటర్నేషనల్ రేస్ గ్రేడ్' అని ఉంటుంది. గుంటూరులో డిగ్రీ చదువుతున్న మా పిన్ని కొడుకు కోసం నేను ఆ కిట్ తెప్పించాను. మీరు తెప్పించకండి.

అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే రేపు ఇంకో పేరు పెట్టుకుని అదే సరుకు అమ్ముతారు. కాబట్టి సరుకును ఎలా పట్టుకోవాలో చెప్తాను, అది ఎక్కువ పనికొస్తుంది. 'రేస్ గ్రేడ్' అన్నది ఎవరో పరీక్ష పెట్టి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు, వట్టి అమ్మకపు మాట.

ముందు కంపాస్ సంగతి. చూడ్డానికి బాగానే ఉంది. ఎర్ర సూది, కింద రంగు చారలు, ఎలాస్టిక్ పట్టీ. అరచేతిలో సమంగా పట్టుకుని పక్కనుంచి చూస్తే అసలు విషయం బయటపడింది. సూది తెల్లకొస, అంటే దక్షిణపు కొస, కిందికి వాలి డబ్బీ అడుగును రాసుకుంటోంది. మనిషి అటు తిరిగితే సూది కాస్త వెనకబడి, ఆగి, చిన్న కుదుపుతో కదిలి, మళ్ళీ ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ అదే చోట ఆగితే సరే అనుకోవచ్చు. అలా ఆగలేదు. తాళంచెవి దగ్గర పెట్టి సూదిని ఎడమకు లాగి వదిలితే ఒక చోట, కుడికి లాగి వదిలితే ఇంకో చోట ఆగింది. రెంటికీ మధ్య దాదాపు పది డిగ్రీలు.

పది డిగ్రీలంటే ఎంతలే అనిపిస్తుంది. మూడు వందల మీటర్లు నడిచేసరికి అది యాభై మీటర్లు దాటిన పక్కదారి. సర్కారు తుమ్మ పెరిగిన కొండవాలులో యాభై మీటర్ల అవతల ఉన్న నారింజ, తెలుపు జెండా కంట పడితే మీ అదృష్టం.

సూది అలా వాలడానికి కారణం ఉంది, దీన్ని చాలామంది అమ్మకందారులు చెప్పరు, కొందరికి తెలియను కూడా తెలియదు. భూమి అయస్కాంత బలం సూదిని ఉత్తరానికి లాగడమే కాదు, నేలలోకి కూడా వంచుతుంది. ఆ వంపు చోటును బట్టి మారుతుంది. స్వీడన్‌లో అది 70 డిగ్రీల పైమాటే. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది, అక్కడ వంపు సున్నా. విజయవాడ దానికి మరీ దూరం కాదు కనుక మన దగ్గర వంపు చాలా తక్కువ. యూరప్ కోసం చేసిన కంపాస్‌లో ఉత్తరపు కొస కిందికి పోకుండా దక్షిణపు కొసను కాస్త బరువుగా చేస్తారు. ఆ సూదిని తెచ్చి కృష్ణ ఒడ్డున పెడితే కిందికి లాగే బలం చాలదు, వేసిన బరువు మాత్రం అలాగే ఉంటుంది. తెల్లకొస అడుగున కూర్చుంటుంది. మంచి కంపెనీలు ఇందుకే ఒకే మోడల్‌ని ప్రాంతాన్ని బట్టి వేరువేరుగా తూకం వేసి అమ్ముతాయి. సిల్వా వాళ్ళు ఎంఎన్, ఎంఈ, ఎంఎస్ అని జోన్ల గుర్తు వేస్తారు. ఎక్కడైనా పనిచేసేలా చేసిన 'గ్లోబల్' సూదులూ ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. మీరు కొనే కంపాస్ ఏ జోన్‌దో, మన దేశం ఆ జోన్‌లోకి వస్తుందో లేదో కంపెనీ ఇచ్చిన పటంలో చూసి మరీ కొనండి. విదేశాల నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించేవాళ్ళు మరీ జాగ్రత్త.

ఇంకో మాట. సూదిని ఉత్తరానికి తిప్పే, నేలకు సమాంతరంగా లాగే బలం మన దగ్గర స్వీడన్‌లో కంటే ఎక్కువ. అంటే మన ఊళ్ళో సూది ఇంకా చురుగ్గా తిరిగి నిలవాలి. 'ఎండలకు నెమ్మదిస్తుంది సార్' అని ఎవరైనా చెప్తే వినకండి.

పరీక్ష ఎక్కడ చేస్తున్నారో కూడా చూసుకోవాలి. డాబా మీద వద్దు, స్లాబులో ఇనుప చువ్వలుంటాయి. బండి సీటు మీద పెట్టి చూడటం అసలు వద్దు. జేబులో ఫోను, దాని కవరుకి అయస్కాంతం ఉంటే అది కూడా, దూరంగా పెట్టండి. కాలేజీ గ్రౌండ్ నడిమధ్యకో, నది ఇసుకలోకో వెళ్ళండి. ఆకాశం తేటగా ఉన్న రాత్రయితే ధ్రువ నక్షత్రం ఉండనే ఉంది. విజయవాడ అక్షాంశం పదహారున్నర డిగ్రీలు కనుక చుక్క కూడా దిగంతం మీద అంతే ఎత్తులో ఉంటుంది, చెయ్యి చాచి జానపెడితే అందులోపే. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. సూది చుక్క వైపు చూడకపోతే తప్పు చుక్కది కాదు. ఎర్రకొస తిన్నగా దక్షిణం చూపిస్తుంటే మాత్రం ఎక్కడో బలమైన అయస్కాంతం పక్కన పడి ధ్రువాలు తారుమారయ్యాయని అర్థం. గోదాముల్లో స్పీకర్ల పక్కన పెట్టిన సరుకుకి ఇది జరుగుతుంటుంది.

ఇక మ్యాపులు. నా లెక్కలో కంపాస్ కంటే ఇవే పెద్ద మోసం.

కొండవీడు మ్యాపు అని ఒకటి పంపారు. మొదటిసారి చూడగానే కొండ అంతా ముద్ద ఆకుపచ్చ. ఓరియెంటీరింగ్ మ్యాపు చదివిన ఎవరికైనా అక్కడే అనుమానం రావాలి. ఈ ఆటలో తెలుపంటే హాయిగా పరుగెత్తగలిగే అడవి, ఆకుపచ్చ ముదిరేకొద్దీ దూరలేని పొద, పసుపు బయలు నేల, నీలం నీళ్ళు, గోధుమరంగు నేల ఎత్తుపల్లాలు. చెట్లున్నాయి కదా అని అంతటా పచ్చరంగు కొట్టినవాడికి ఆట తెలియదు. శాటిలైట్ ఫోటో ముందు పెట్టుకుని గీశాడు. అదీ వేసవి ఫోటోనేమో, వానల తర్వాత ముళ్ళ కంచెలా మూసుకుపోయే బాట అందులో బంగారంలాంటి దారి. కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య తేడా 20 మీటర్లు. అంటే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటులో ఉండే గీతల్నే ఐదింతలు సాగదీశారు. రేసు మ్యాపులో మామూలుగా 5 మీటర్లకో గీత ఉంటుంది. ఇరవై మీటర్ల గీతల మధ్య చిన్న పాయ (కొండవాలులోకి చొచ్చుకొచ్చే చిన్న లోయ), గుట్ట, గొయ్యి అన్నీ మాయమవుతాయి. కంట్రోల్ పెట్టేది సరిగ్గా అలాంటి చోట్లే.

ఇవన్నీ ఒక ఎత్తు, కొలత ఇంకో ఎత్తు. మూల మీద 1:10,000 అని అచ్చేశారు. ఆ లెక్కన సెంటీమీటరుకు వంద మీటర్లు. అయస్కాంత ఉత్తరం చూపే నిలువు గీతలు రేసు మ్యాపులో నేల మీద 300 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి, కనుక ఈ కొలతలో గీతకీ గీతకీ మధ్య సరిగ్గా 3 సెంటీమీటర్లు రావాలి. జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి చూశాను. 2.8 వచ్చింది. ప్రింటు తీసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' నొక్కి ఉంటారు. బొమ్మ కుంచించుకుపోయింది, మూలనున్న 1:10,000 మాత్రం చెక్కుచెదరలేదు. స్కేల్ బార్ (దూరం కొలుచుకునే గీత) గీసుంటే అదీ బొమ్మతోపాటే కుంచించుకుని నిజం చెప్పేది, గీయలేదు. నేల మీద ఐదు వందల మీటర్లున్న లెగ్‌ను (ఒక కంట్రోల్ నుంచి తర్వాతి కంట్రోల్‌కి ఉన్న దూరాన్ని) ఈ మ్యాపు మీద కొలిస్తే సుమారు 470 మీటర్లని తేలుతుంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయినవాడు ముప్ఫై మీటర్ల ముందే ఆగి జెండా కోసం వెతుక్కుంటాడు.

మావాడు అలాగే వెతుక్కున్నాడు. వాడికి ప్రతి ప్రాక్టీస్ తర్వాత తప్పులు రాసుకునే అలవాటుంది, మంచి అలవాటు. ఈ ఆటలో బాగుపడే దారి అదొక్కటే. ఏ లెగ్‌లో ఎంతసేపు పోయింది, దిశ తప్పానా, అటాక్ పాయింట్ (కంట్రోల్ దగ్గర్లో సులువుగా దొరికే గుర్తు) పెట్టుకున్నానా, పక్కనున్న ఇంకో పాయను ఇదే అనుకున్నానా, దారిని హ్యాండ్‌రైల్‌గా (వెంట నడిచే ఆసరాగా) పట్టుకోకుండా అడ్డంగా దూకానా అని రాసుకుంటేనే తర్వాతి రేసులో అదే గుంటలో పడం. వాడి నోట్‌బుక్ తిరగేస్తే పేజీల నిండా ఒకే వరస. 'మూడో కంట్రోల్, ఎడమకు పోయాను, ముందే ఆగాను.' 'ఐదో కంట్రోల్, ఎడమకు పోయాను, ముందే ఆగాను.' కింద ఎర్ర సిరాతో 'పేసింగ్ రాదు. దిశ రాదు. ఏకాగ్రత లేదు.'

"అన్నయ్యా, నాకిది అచ్చిరాదేమో, ఆపేస్తా" అన్నాడు.

వాడి పేజీలు చూస్తే నాకు అనుమానం వచ్చింది. మనిషి తప్పులు మామూలుగా చెదురుతాయి. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, ఒకసారి దాటిపోవడం, ఒకసారి ముందే ఆగడం. ఎప్పుడూ ఒకవైపే, ఎప్పుడూ అంతే కురచగా పోతుంటే మనిషికంటే ముందు పనిముట్టును పట్టుకోవాలి. నా పాత కంపాస్ ఇచ్చి, సరైన కొలతలో మళ్ళీ ప్రింటు తీసిన మ్యాపు ఇచ్చి పంపితే తప్పులు ఆగలేదు కానీ చెదిరాయి. ఒక గుట్టను ఇంకో గుట్ట అనుకున్నాడు, ఓ చోట కంట్రోల్ దాటేశాడు. అవి వాడివే, వాటినుంచి నేర్చుకోవచ్చు. ఈ కిట్ మీద నాకున్న అసలు కోపం రూ. 2,800 గురించి కాదు. చెయ్యని తప్పులకు ఒక కుర్రాడు తనని తాను తిట్టుకుంటూ అన్ని పేజీలు నింపాడు.

అమ్మినవాళ్ళతో మాటలు కూడా చెప్పాలి. సూది రాసుకుంటోందని వీడియో పంపితే "సార్, కొత్తల్లో అలాగే ఉంటుంది, వాడగా వాడగా సెట్ అయిపోతుంది" అని జవాబు. చెప్పులా వాడగా వాడగా వదులవడానికి అది కంపాసండీ. మళ్ళీ అడిగితే మీ ఏరియాలో కరెంటు తీగలు ఎక్కువ అన్నారు. మ్యాపు కొలత తప్పని స్కేలు పెట్టిన ఫోటో పంపితే "సార్, ప్రాక్టీస్‌కే కదా" అన్నారు. చివరికి కంపాస్ బదులు వెయ్యి రూపాయల కూపన్ ఇస్తామన్నారు, వాళ్ళ దగ్గరే ఇంకేదైనా కొనుక్కోవడానికి. మ్యాపులు 'డిజిటల్ ఐటం' కనుక వాపసు లేదట. నాకు వచ్చినవి కాగితాలు.

తర్వాత 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఫిర్యాదుల అధికారి పేరు, నంబరు పెట్టాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెప్తున్నాయి. ఈ పేజీలో అలాంటి పేరేదీ లేదు. డబ్బీ మీద ఏ దేశంలో తయారైందో, దిగుమతి చేసుకున్నది ఎవరో కూడా లేదు, అది కూడా ఉండి తీరాలి. ఈ రెండూ ఫిర్యాదులో రాయండి, 'సూది బాగాలేదు' అన్న మాటకంటే వీటికి బరువెక్కువ. నాకు కంపాస్ డబ్బు వెనక్కి వచ్చింది. మ్యాపుల డబ్బు రాలేదు, ఇంకా నడుస్తోంది.

ఇప్పటికే ఇది మీ చేతికి వచ్చి ఉంటే పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, కంపాస్‌ను పక్కనుంచి చూపించండి, స్కేలును ఉత్తరపు గీతల మీద అడ్డంగా పెట్టి ఫోటో తీయండి. బొటనవేలి కంపాస్‌లలో ఎడమచేతివి, కుడిచేతివి వేరువేరుగా ఉంటాయి, అదీ చూసుకోండి. డబ్బీలో గాలి బుడగ సన్నగా ఉంటే పర్వాలేదు, సూదిని తోసేంత ఉంటే తిప్పి పంపేయండి. మే నెలలో బండి డిక్కీలో పెట్టి వదిలేస్తే మంచి కంపాస్‌కి కూడా బుడగ రావచ్చు, అప్పుడు అమ్మినవాడు ఆ వంక చెప్తాడు. మ్యాపు పీడీఎఫ్ రూపంలో ఇస్తే 'యాక్చువల్ సైజ్' పెట్టి మీరే ప్రింటు తీయించుకోండి. బయట షాపులో ఇచ్చేటప్పుడు ఆ మాట గట్టిగా చెప్పండి, లేకపోతే వాళ్ళు అలవాటుగా 'ఫిట్' నొక్కేస్తారు.

రంగులు, గుర్తులు ఎలా ఉండాలో అంతర్జాతీయ ఓరియెంటీరింగ్ సమాఖ్య ప్రమాణ పత్రం ఉచితంగానే దొరుకుతుంది. డబ్బు కట్టేముందు అమ్మేవాళ్ళని ఒక మ్యాపు నమూనా అడిగి దాని పక్కన పెట్టి చూడండి. నమూనా పంపనన్నవాడి దగ్గర కొనకండి. ఈ కిట్ ప్రకటన నిన్న కూడా నా ఫోన్లో కనిపించింది. పేరు మారింది, కవరు నీలం నుంచి నలుపైంది, కొండవీడు మ్యాపు ఫోటో మాత్రం అదే, కొండంతా ముద్ద ఆకుపచ్చ.