నీళ్ల ఛానల్

2016 ఏప్రిల్ 12, మంగళవారం రాత్రి, అల్ జజీరా అమెరికా అనే వార్తా ఛానల్ ప్రసారాలు ఆగిపోయాయి. చివరి గంటల్లో తమ పాత కథనాలనే ఒక్కొక్కటిగా తలుచుకున్నారు. కంచంలో అన్నం చల్లారిపోతున్నా లేవబుద్ధి కాలేదు. 2013 ఆగస్టు 20న మొదలైన ఛానల్ అది, మూడేళ్లు కూడా నిండలేదు. నేను న్యూజెర్సీకి వచ్చిందీ ఆ సంవత్సరమే.

డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఉద్యోగం చేయడానికి అనుమతి లేదు, కారు నడపడం రాదు. ఆయన ఉదయం ఏడింటి రైలుకు వెళితే ఇంటికి చేరేది చీకటి పడ్డాకే. ఎడిసన్‌లోని మా అపార్ట్‌మెంటులో పగలంతా నాకు టీవీయే తోడు. మిగతా వార్తా ఛానళ్లు పెడితే ఒకరి మాట మీద మరొకరు పడి వాదించుకునేవారు. ఎవరిది ఏ పార్టీయో, గొడవ దేని గురించో తెలియని నాకు తలనొప్పి మాత్రం మిగిలేది. ఈ ఛానల్‌లో అలా కాదు. ముందు ఊరి పేరు చెప్పేవారు, ఆ ఊరి వీధి చూపించేవారు, తర్వాత అక్కడి మనిషిని మాట్లాడనిచ్చేవారు. ఆ మనిషి తడబడితే ఆగేవారు. నా ఇంగ్లిష్‌కు ఆ నిదానమే సరిపోయింది. ప్రకటనలు గంటకు ఆరు నిమిషాలకు మించవని మొదట్లోనే చెప్పారు. ఒక కథనం నడుస్తుండగా వంటింట్లోకి వెళ్లి కుక్కర్ ఆపి వచ్చేలోపల కొంత భాగం దాటిపోయేది, అంత ఎడతెగకుండా నడిచేది.

ఆ ఛానల్‌లో ఆర్థిక వార్తలు చెప్పే అలీ వెల్షీ లెక్కలు విడమరుస్తుంటే వడ్డీ రేట్లు, కనీస వేతనం గొడవ నాకు మొదటిసారి అర్థమయ్యాయి. బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీల మీద 'ఫాల్ట్ లైన్స్' అనే వాళ్ల పరిశోధనా కార్యక్రమం చేసిన కథనం పునఃప్రసారంలో చూసి, లేచి వెళ్లి ఆయన చొక్కాల కాలర్ల వెనక ఉన్న చీటీలన్నీ చదివాను. ఆ కథనానికి, ఇక్కడ ప్రసార రంగంలో పేరున్న పీబాడీ అవార్డు వచ్చిందని తర్వాత తెలిసింది. 2014లో మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో మైఖేల్ బ్రౌన్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి కుర్రాణ్ని పోలీసు అధికారి కాల్చి చంపినప్పుడు, ఆ తర్వాత నిరసనల్లో, ఆగస్టు 13 రాత్రి, ఈ ఛానల్ బృందం మీదికే బాష్పవాయువు వదిలారు. కెమెరా, లైట్లు అక్కడే వదిలేసి వాళ్లు పరుగెత్తిన దృశ్యం నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

కానీ ఈ ఛానల్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది మా మామయ్యగారే. 2015 వేసవిలో వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. కదిరి దగ్గర వేరుశనగ పండించిన రైతు, ఇంగ్లిష్ రాదు. అప్పుడు కాలిఫోర్నియాలో నాలుగో ఏటి కరువు. ఈస్ట్ పోర్టర్‌విల్ లాంటి ఊళ్లలో ఇళ్ల బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం, సీసా నీళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. అలాంటి ఒక కథనం వస్తుంటే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఇక్కడ కూడా బోర్లు ఎండిపోతాయా అమ్మా?"

"ఎండిపోయాయట మామయ్యగారూ."

"ఎన్ని అడుగులు వేశారో చెబుతున్నారా?"

ఆ రోజు చెప్పలేదు. మర్నాటి నుంచి ఆయన కోసం నేను అడుగుల లెక్క వినబడుతుందేమోనని చెవి అటే పెట్టి కూర్చునేదాన్ని. మధ్యాహ్నం భోజనం కాగానే "ఆ నీళ్ల ఛానల్ పెట్టమ్మా" అనేవారు. నేను తెలుగులో చెబుతుంటే ఆయన కదిరిలో తాను వేయించిన ఆరు బోర్ల కథ చెప్పేవారు. నాలుగు వట్టిపోయాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ బోర్ల కోసం చేసిన అప్పుల సంగతి నాతో ఎప్పుడూ అనలేదు.

లోపాలు లేవనను. రాత్రివేళ చూసినవే మళ్లీ వేసేవారు. రేపు మా ఊళ్లో మంచు పడుతుందా అన్నది తెలియాలంటే వేరే ఛానల్‌కు మారవలసిందే. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ వాళ్ల కరెంట్ టీవీ అనే ఛానల్‌ను సుమారు 50 కోట్ల డాలర్లకు కొని దీన్ని పెట్టారు. అంత ఖర్చుపెట్టి, ఇంటర్నెట్‌లో అమెరికావాళ్లు అప్పటికే చూస్తున్న, అదే సంస్థ అల్ జజీరా ఇంగ్లిష్ ప్రసారాన్ని ఇక్కడ ఆపేయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. అలవాటుపడిన ప్రేక్షకులను చేతులారా పోగొట్టుకున్నారు. పేరు ఇంకో అడ్డంకి. "ఆ ఛానలా? నువ్వు చూస్తావా?" అని పార్కులో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది. ఒక్క వారం చూసి మాట్లాడమని చెప్పవలసింది. అప్పుడు నాకు నోరు రాలేదు.

2016 జనవరిలో మూసివేత ప్రకటించినప్పుడు ఆర్థిక కారణాలే చెప్పారు. ఖతర్ డబ్బుతో నడిచే సంస్థ, బ్యారెల్ చమురు 30 డాలర్లకు దిగజారిన రోజులు. వందల మంది ఉద్యోగాలు పోయాయి. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగిన ఆ విలేకరులకు మంచి చోట పని దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

మర్నాడు బుధవారం ఉదయం కదిరికి ఫోన్ చేసి చెప్పాను. మామయ్యగారు కాసేపు ఏమీ అనలేదు.

"మరి ఆ ఊరివాళ్లకు నీళ్లు వచ్చాయో లేదో మనకు ఎట్లా తెలుస్తుంది అమ్మా?" అన్నారు.

వెతికి చెబుతానన్నాను.