పెలెగ్ వాడ్స్‌వర్త్ జీవితకథకు కోఠిలో కట్టించిన బైండు

కోఠిలో సుల్తాన్ బజార్ వెనుక సందులో, ఒక పాత భవనం మెట్ల కింద, బోర్డు కూడా లేకుండా నడుస్తున్న బైండింగ్ దుకాణంలో గత నెల నేనొక పుస్తకం కట్టించుకున్నాను. కాపీరైటు గడువు తీరి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత చరిత్ర గ్రంథాలను తెరమీద కాక కాగితం మీదే చదువుకోవాలనుకునేవారు హైదరాబాదులో చాలామందే ఉన్నారు కనుక, ఆ దుకాణం పనితనం గురించి, నేను అప్పగించిన పని గురించి కొంత వివరంగా రాస్తున్నాను.

నేను కట్టించుకున్నది ఎవరో రాసిపెట్టిన ఒక్క గ్రంథం కాదు. పెలెగ్ వాడ్స్‌వర్త్ అనే తొలితరం అమెరికన్ పౌరసేనాధికారి, శాసనసభ్యుడి గురించి మసాచుసెట్స్, మేన్ ప్రాంతాల పాత చరిత్రల్లో చెదురుమదురుగా ఉన్న అధ్యాయాలను, లేఖలను, విచారణ వాంగ్మూలాలను ఏరి, కాలక్రమంలో పేర్చుకున్న 384 పేజీల సంపుటం. ఈ మనిషి చాలాచోట్ల ఇతరుల కథలకు వేసిన ఫుట్‌నోట్లలోనే కనిపిస్తాడు. ఒకచోట కవి లాంగ్‌ఫెలోకు తాతగా, మరొకచోట అమెరికా స్వాతంత్ర్య యుద్ధ వీరుడిగా పేరుపొందిన పాల్ రెవీర్ మీద ఆరోపణ చేసిన అధికారిగా రెండు మూడు పంక్తుల్లో వచ్చి వెళ్ళిపోతాడు. అందువల్ల పేజీ అడుగున ఉన్న చిన్నక్షరాలు స్పష్టంగా పడకపోతే నేను పెట్టిన ఖర్చుకు అర్థమే ఉండదు. అంతకుముందు నగరంలో వేరొక చోట చేయించిన స్పైరల్ ప్రతిలో జరిగింది అదే. ఫుట్‌నోట్లన్నీ అలుక్కుపోయి నల్లటి గీతల్లా మిగిలాయి.

ఇక్కడి పెద్దాయన కాగితాలు చేతిలోకి తీసుకోగానే అడిగిన మొదటి మాట, "సార్, ఇది చదివే పుస్తకమా, అల్మారాలో పెట్టే పుస్తకమా?" అని. చదివేదే అన్నాను. అయితే జిగురుతో అంటించే పర్‌ఫెక్ట్ బైండింగ్ వద్దనీ, జుజ్‌బందీ చేయించమనీ, అంటే పదహారేసి పేజీలు ఒక మడతగా చేసి దారంతో కుట్టించుకోమనీ చెప్పి, లోపలి అంచున ఎంత ఖాళీ వదలాలో స్కేలు పెట్టి చూపించాడు. పక్క దుకాణంలో 80 జీఎస్ఎం కాగితం మీద ముద్రణ చేయించి, మొత్తం 96 షీట్లు, 24 మడతలు ఆయనకు అప్పగించాను. అట్టకు ముదురు ఎరుపు కాలికో గుడ్డ ఎంచుకున్నాను. జిగురు ఆయనే మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి చేసుకుంటాడు. ఈ రోజుల్లో అంత ఓపిక చేసేవారిని నేను మరొకరిని చూడలేదు.

అన్నిటికన్నా నాకు సంతోషం కలిగించినది పటం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న 1779లో పెనోబ్‌స్కాట్ అఖాతం ఒడ్డున, నేటి కాస్టీన్ దగ్గర, దాదాపు 700 మంది బ్రిటిష్ సైనికులు దిగి కోట కట్టుకుంటుంటే, వారిని వెళ్ళగొట్టడానికి మసాచుసెట్స్ రాష్ట్రం దాదాపు 40 నౌకలను పంపింది. నేలమీది పౌరసేనకు సాలమన్ లవెల్ నాయకుడు, వాడ్స్‌వర్త్ ఆయన తరువాతివాడు. జూలై 28న నిటారుగా ఉన్న కొండచరియను తుపాకి గుళ్ళ మధ్య ఎక్కించి మనుషులను పైకి చేర్చినవాడు వాడ్స్‌వర్త్. ఆ తరువాత నౌకాదళ నాయకుడు సాల్టన్‌స్టాల్‌కూ లవెల్‌కూ పొత్తు కుదరక, ముందు నువ్వంటే ముందు నువ్వని రెండు వారాలు గడిచేలోపు బ్రిటిష్ సహాయ నౌకలు వచ్చాయి. అమెరికన్లు నది పైకి పారిపోయి తమ నౌకలను తామే తగలబెట్టుకున్నారు. కోట ఎక్కడుందో, చరియ ఎక్కడుందో, నది ఎటు తిరుగుతుందో కళ్ళ ముందు లేకుండా ఈ వృత్తాంతం ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే ఏ3 సైజు పటాన్ని మూడు మడతలు వేసి, మడత దగ్గర చిరగకుండా వెనుక సన్నని గుడ్డ పట్టీ అతికించి, పుస్తకంలో ఏ పేజీ చదువుతున్నా పక్కకు తెరిచి ఉంచుకునేలా చివర కుట్టిన పద్ధతికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

లోపాలు కూడా చెప్పాలి. అంచులు కత్తిరించేటప్పుడు అడుగున ఎక్కువ తెగింది. రెండు పేజీల్లో ఫుట్‌నోటు చివరి పంక్తి పోయింది, వాటిలో ఒకటి నాకు అత్యంత ముఖ్యమైనది. తిరోగమనం నాడు శత్రువు వైపు కొట్టుకుపోతున్న ఒక చిన్న నౌకలోని మనుషులను కాపాడటానికి పడవ ఇమ్మని వాడ్స్‌వర్త్ అడిగితే, ఫిరంగిదళ అధికారిగా ఉన్న రెవీర్ తనకు ఆజ్ఞాపించే హక్కు ఆయనకు లేదని నిరాకరించడం, నిన్ను అరెస్టు చేయిస్తానని వాడ్స్‌వర్త్ హెచ్చరించడం ఆ పేజీలోని సంగతి. తెగిన పంక్తిలో ఉన్నది ఆ వివాదపు ముగింపు: రెవీర్ స్వయంగా కోరుకోగా జరిగిన సైనిక విచారణ 1782లో ఆయనను నిర్దోషిగా తేల్చింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే పాఠకుడు రెవీర్‌ను దోషిగానే ఎంచి పుస్తకం మూసేస్తాడు. ఇది చిన్న పొరపాటు కాదు. నేను చూపించగానే పెద్దాయన ఆ రెండు పంక్తులను వేరే కాగితం మీద ముద్రింపించి తెమ్మని, సన్నని చీటీలుగా అతికించి ఇచ్చాడు. బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించడానికి అదే రెవీర్ చేసిన రాత్రి గుర్రపు స్వారీని తన కవితతో దేశమంతటా ప్రసిద్ధం చేసినవాడు వాడ్స్‌వర్త్ మనవడు లాంగ్‌ఫెలో కావడం ఈ సంపుటంలో నన్ను చాలాసేపు ఆపిన విషయం.

రెండో లోపం, పద్నాలుగో మడత, పదిహేనో మడత తారుమారు కావడం. దానివల్ల వాడ్స్‌వర్త్ పట్టుబడకముందే జైలు నుంచి తప్పించుకున్నాడు. అసలు వరుస ఇది. 1781 ఫిబ్రవరిలో, మంచు కురిసిన ఒక రాత్రి, థామస్టన్‌లో భార్యాబిడ్డలతో ఉన్న ఇంటిని బ్రిటిష్ సైనికులు చుట్టుముట్టగా, కాపలాకు అర డజను మంది మాత్రమే మిగిలి ఉన్న స్థితిలో, పిస్తోళ్ళు ఖాళీ అయ్యేదాకా పోరాడి, చేతికి గుండు తగిలాక ఆయన లొంగిపోయాడు. తాను ముట్టడించి గెలవలేకపోయిన ఆ కోటలోనే ఆయనను బంధించారు. తోటి ఖైదీ మేజర్ బెంజమిన్ బర్టన్‌తో కలిసి, క్షురకుని ద్వారా తెప్పించుకున్న చిన్న బరమాతో పైకప్పు పలకకు రోజూ కొన్ని రంధ్రాలు వేస్తూ, కావలివారికి కనిపించకుండా నమిలిన రొట్టెతో వాటిని పూడుస్తూ వారాల తరబడి గడిపి, జూన్‌లో ఉరుముల వాన కురిసిన రాత్రి పలక ఊడదీసి ఇద్దరూ బయటపడ్డారు. చీకట్లో విడిపోయి, మర్నాడు మళ్ళీ కలుసుకున్నారు. ఈ భాగాన్ని నేను మా ఇంట్లో పిల్లలకు తెలుగులో చెబుతూ చదివినప్పుడు, రొట్టె దగ్గర వాళ్ళు ఆపి రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు. తారుమారైన మడతలను పెద్దాయన అట్ట విప్పి, కుట్టు తీసి, మళ్ళీ కుట్టి, అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా నాలుగు రోజుల్లో ఇచ్చాడు.

చివరి మడతల్లో తప్పులేమీ లేవు. యుద్ధానంతరం పోర్ట్‌లాండ్‌లో ఇటుకల ఇల్లు కట్టుకోవడం, మేన్ ఇంకా మసాచుసెట్స్‌లో భాగంగానే ఉన్న ఆ కాలంలో 1792లో రాష్ట్ర సెనేట్‌కు వెళ్ళడం, 1793 నుంచి 1807 వరకు అమెరికా ప్రతినిధుల సభలో కూర్చోవడం, తరువాత హైరమ్ అనే పల్లెలో వ్యవసాయంలో స్థిరపడి 1829లో కన్నుమూయడం అక్కడ ఉన్నాయి. శాసనసభా జీవితం గురించి నాకు దొరికిన సామగ్రి పలచన. అది బైండరు తప్పు కాదు. అయితే 1804లో ట్రిపోలీ రేవులో పేలిపోయిన నౌకలో మరణించిన కొడుకు హెన్రీ ప్రస్తావన మాత్రం ఉంది. మూడేళ్ళ తరువాత పుట్టిన మనవడికి, అంటే లాంగ్‌ఫెలోకు, తల్లి పెట్టినది ఆ తమ్ముడి పేరే. ఆ వంశవృక్షం అతి చిన్నక్షరాల్లో ఉంది, అయినా ప్రతి పేరూ చదవగలిగాను.

ముద్రణకు 384 రూపాయలు, పటానికి 30, బైండుకు 350, మొత్తం 764 రూపాయలు అయింది. మొదటిసారి పది రోజులు, దిద్దుబాటుకు నాలుగు రోజులు పట్టింది. తొందర పనులకు ఈ దుకాణం తగదు. పరీక్షల నోట్సుకు స్పైరల్ చాలు. పుస్తకాన్ని ఏళ్ళ తరబడి తెరిచి మూయాలనుకునేవారు మాత్రం నిస్సందేహంగా ఇక్కడికి వెళ్ళవచ్చు. అయితే మడతల మీద పెన్సిలుతో వరుస సంఖ్యలు మీరే వేసి ఇవ్వండి, అడుగు అంచున కనీసం అరంగుళం అదనంగా వదలండి. మా కాలనీ పఠన మందిరం కోసం రెండో ప్రతి కాగితాలను నిన్ననే ఆ కొలతలతో ఆయనకు అప్పగించి వచ్చాను.