కూలిన బడిలో బాపు చూసిన రింగులు

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో భూమి కదిలినప్పుడు అమ్మ, బాపు ఇంట్లోనే ఉన్నారు. తీవ్రత 5.3. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిందట. బాపు మెట్ల కిందికి పోయాడట. అదే సరైన పని అని ఇద్దరికీ నమ్మకం. అందుకే వాళ్ళు తైవాన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు చూపించాలనుకున్న వాటిలో మొదటిది తైచుంగ్ దగ్గర ఊఫెంగ్‌లో ఉన్న 921 భూకంప మ్యూజియం.

మేముండే షిన్‌చూ నుంచి హైస్పీడ్ రైల్లో అరగంట కూడా పట్టదు. స్టేషన్ నుంచి ట్యాక్సీ తీసుకోండి, పెద్దవాళ్ళుంటే బస్సుల కోసం తిప్పలు పడొద్దు. సోమవారం సెలవు. మేం వెళ్ళినప్పుడు టికెట్ 50 తైవాన్ డాలర్లు.

1999 సెప్టెంబర్ 21, రాత్రి 1:47కి 7.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో తైవాన్‌లో 2,400 మందికి పైగా చనిపోయారు. చెలుంగ్‌పు అనే భూమి పగులు సరిగ్గా గువాంగ్‌ఫు మిడిల్ స్కూల్ ఆవరణ గుండా పోయింది. పిల్లలు పరుగెత్తే ట్రాక్ ఒకవైపు దాదాపు 2.5 మీటర్లు పైకి లేచింది. దాన్ని చదును చేయకుండా అలాగే ఉంచారు. ఎర్రటి ట్రాక్ మీద తెల్ల గీతలు నేరుగా వచ్చి, ఒక్కసారిగా గట్టులా ఎగదన్నుకుపోతాయి. అమ్మ అక్కడ చాలాసేపు మాట్లాడలేదు. "పగటిపూట అయ్యుంటే పిల్లలు..." అని మాత్రం అంది.

బాపు ముప్పై ఏళ్ళు మేస్త్రీ పని చేశాడు. కూలిన తరగతి గదుల దగ్గర ఆయన్ని కదిలించడం నా వల్ల కాలేదు. అడ్డంగా పెట్టిన కమ్మీకి ఆనుకుని, విరిగిన పిల్లర్లలోంచి బయటపడ్డ కడ్డీలనే చూస్తున్నాడు. "ఈ రింగులు సూడు బిడ్డా, కొక్కేలు ఇప్పుకపోయినయ్. మనోళ్ళు గూడ గిట్లనే వంచుతరు" అన్నాడు. పిల్లర్‌లోని నిలువు కడ్డీల చుట్టూ వంచి కట్టే సన్న కడ్డీలే రింగులు. రింగు కొసను 90 డిగ్రీలు వంచి వదిలేస్తే ఊపులో పైకాంక్రీటు రాలగానే అది తెరుచుకుంటుంది, లోపలి నిలువు కడ్డీలు బయటికి వంగి పిల్లర్ కూర్చుండిపోతుంది. 135 డిగ్రీలు వంచి కొసను లోపలి కాంక్రీటులోకి దించితే పట్టు వదలదు. మన దేశపు నిబంధనల్లోనూ ఇదే ఉంది. బొమ్మ గీసి చెబితే బాపు తలూపి ఊరుకునేవాడే. కూలిన బడి చెప్పింది కాబట్టి విన్నాడు.

భూకంపం ఎలా ఉంటుందో చూపే గదికి ముందే వేళలు కనుక్కోండి. చైనీస్ వచ్చినవాళ్ళు వెంట ఉంటే ఇంకా బాగా అర్థమవుతుంది. భూమి కదిలితే గుమ్మంలో నిలబడడం కాదు, వంగి, బల్ల కిందికి దూరి, దాని కాలు గట్టిగా పట్టుకోవాలి. బయటికొచ్చాక గుమ్మం సంగతి అమ్మే ఎత్తింది.

బస విషయం చెప్పాలి. మొదటి రాత్రి ఊళ్ళో దిగిన హోటల్ గది శుభ్రంగానే ఉంది, కానీ పదకొండో అంతస్తులో అత్యవసర మెట్ల తలుపుకు అడ్డంగా అట్టపెట్టెలు పేర్చారు. చెబితే నవ్వి ఊరుకున్నారు. పొద్దున్నే ఖాళీ చేశాం. రెండో రాత్రి దిగింది చిన్న బస, మంచాలు ఇరుకే. కానీ తలగడ పక్కన గోడకు టార్చి ఉంది, తీస్తే దానంతటదే వెలుగుతుంది. యజమానురాలు మెట్లు ఎటో నడిచి చూపించింది. నేనైతే ఆ ఇరుకు గదికే మళ్ళీ వెళ్తాను.

శనివారం అమ్మ మాంసం ముట్టదు. శాకాహార బఫేలు చాలా ఉన్నాయి, ప్లేటు తూకం వేసి డబ్బు తీసుకుంటారు. ఇబ్బంది పడలేదు.

తిరుగు రైల్లో బాపు ములుగుకు ఫోన్ చేశాడు. అన్నయ్య ఇంటి మీద గదులు లేస్తున్నాయి, బాపు దగ్గర పని నేర్చుకున్న అతనే కడుతున్నాడు. "పిల్లర్లు పోసిన్రా? పోయకున్రి. రింగులన్నీ మల్ల వంచాలె. ఫోటో పంపుతున్న, సూడు."