హింద్‌మోటర్‌లో కాపురం: కారు పోయింది, లోకల్ ఉంది

కోల్‌కతాకు బదిలీ మీద వచ్చే తెలుగువాళ్లు ఇల్లెక్కడ చూసుకోవాలని అడిగితే నేను హౌరా లోకల్ రైలు దారిలో, హుగ్లీ జిల్లాలో ఉన్న హింద్‌మోటర్ పేరే చెబుతుంటాను. ఏళ్ల తరబడి మంత్లీ పాస్ జేబులో పెట్టుకుని హౌరాకు తిరుగుతున్నవాడి మాట ఇది. "అంబాసిడర్ ఫ్యాక్టరీ మూతపడిందిగా, ఇంకేముంది అక్కడ?" అంటారు. రైలుంది. ఊరి పేరు కారు కంపెనీదే గానీ, ఊరిని నడిపేది రైలే.

1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి వెళ్లిన మొదటి రైలు ఈ దారినే పోయింది. బాలీలో ఆగింది, శ్రీరాంపూర్‌లో ఆగింది, చందన్‌నగర్‌లో ఆగింది. హింద్‌మోటర్ అనే ఊరు అప్పటికి లేనే లేదు. ఆ రైలు బయల్దేరడానికి ముందు పడ్డ తిప్పలు వింటే నవ్వొస్తుంది. నమూనా బోగీలు తెస్తున్న గుడ్విన్ ఓడ గంగ (ఇక్కడ హుగ్లీ నదిని అలాగే అంటారు) ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. ఇంజన్ ఎక్కించిన ఓడేమో దారి మళ్లి ఆస్ట్రేలియాకు చేరింది. చివరికి జాన్ హాడ్జ్‌సన్ అనే ఇంజనీరు కలకత్తాలోనే బోగీలు చేయించాడు.

కారు కథ చాలా తర్వాతది. బిర్లాలు 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలుపెట్టిన హిందుస్తాన్ మోటర్స్ 1948లో ఇక్కడికి, ఉత్తర్‌పాడా పక్కకు వచ్చింది. ఇటు పట్టాలు, అటు జీటీ రోడ్డు, ఆ వెనక గంగ. ఇంతకన్నా ఏం కావాలి? ల్యాండ్‌మాస్టర్ అనే కారు అయ్యాక, ఇంగ్లండ్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూసలో అంబాసిడర్ వచ్చింది. ముందు సీటు బెంచీలా ఉండి, గేరు రాడ్ స్టీరింగ్ కిందే ఉండేది కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు సర్దుకునేవారు. 2014 మేలో పని ఆగింది. 2017లో అంబాసిడర్ పేరును 80 కోట్లకు ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజోకు అమ్మేశారు. స్టేషన్ బోర్డు మీద పేరు మాత్రం ఎవరూ కొనలేదు!

ఇక రోజువారీ సంగతి. హౌరాకు టికెట్ 5 రూపాయలు, అరగంట లోపు ప్రయాణం. 1957 డిసెంబరులో హౌరా–శేవడాఫులి మధ్య నెహ్రూ కరెంటు రైలు ప్రారంభించినప్పటి నుంచి ఈ లైను జనం గడియారం లోకలే. బండేల్ లోకల్ పోతే వెనకే శేవడాఫులి లోకల్ వస్తుంది. ఉదయం ఆఫీసు వేళ సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. డైలీ ప్యాసింజర్ల పేకాట బృందాలు ముందు స్టేషన్లలోనే సీట్లు ఆక్రమించేసి ఉంటాయి, మోకాళ్ల మీద బ్యాగు పరిచి. ఖాళీగా కనిపించిందని సరుకులమ్మేవాళ్లకు కేటాయించిన వెండర్ పెట్టె ఎక్కారో, బట్టలు పోయినట్టే. ఛానా (విరిగిన పాల ముద్ద) మూటల నుంచి కారే నీళ్లు నేలంతా పారి, చెప్పుల కింద జిగటగా తగులుతాయి. ఆ పుల్లటి వాసన సాయంత్రం దాకా వదలదు.

రిషడా వైపు వెళ్లే బండిలో చెవులు రిక్కించండి. జూట్ మిల్లుల్లో పనికని ఉత్తరాంధ్ర, గంజాం నుంచి వలస వచ్చినవాళ్ల వారసులు ఆ చుట్టుపక్కల ఉన్నారు. బెంగాలీ, హిందీ మధ్యలో ఒక్కసారిగా శ్రీకాకుళం యాస దూకితే ప్రాణం లేచొస్తుంది.

2024 మార్చిలో గంగ కింద మెట్రో మొదలయ్యాక హౌరాలో దిగినవాళ్లకు కష్టం సగం తగ్గింది. కోల్‌కతా నడిబొడ్డున ఉన్న ఎస్‌ప్లనేడ్ ఇప్పుడు నిమిషాల పని. నాకైతే ఫెర్రీయే ఇష్టం, వానలో తప్ప.

మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలంలో కొంత అపార్ట్‌మెంట్లయింది. అయితే ఉత్తర్‌పాడాలో టీటాగఢ్ కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ రైలు బోగీలు చేస్తోంది, పుణె మెట్రో అల్యూమినియం బోగీలు అక్కడివే. మొదటి రైలుకు కలకత్తాలో బోగీలు కట్టిన హాడ్జ్‌సన్ చూస్తే మెచ్చుకునేవాడు.

లోపాలా? వానాకాలంలో సందుల్లో నీళ్లు నిలుస్తాయి. రాత్రి టోటో (బ్యాటరీ రిక్షా) వాళ్లతో బేరం తప్పదు. అందుకని అద్దె కాస్త ఎక్కువైనా స్టేషన్‌కు నడిచిపోయే దూరంలోనే ఇల్లు తీసుకోండి. సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాలోనే ఎక్కొచ్చు. కాకపోతే లోకల్ దిగేది స్టేషన్ పాత కాంప్లెక్స్‌లో, ఫలక్‌నుమా బయల్దేరేది కొత్త కాంప్లెక్స్‌లో. పచ్చళ్ల డబ్బాలూ పిల్లలూ ఉంటే ఆ నడకకు పావుగంట అదనంగా వేసుకోండి.