ఎక్స్‌ఎస్650కి అల్యూమినియం స్వింగ్‌ఆర్మ్ కిట్: ఆర్మ్ బాగుంది, స్లీవ్ కొలవందే బిగించకండి

యమహా 1970లో దింపిన ఈ 653 సీసీ ట్విన్ (రెండు సిలిండర్ల బైకు)లో ఇంజిన్ గట్టిది, వెనక చాసీ కాదు. వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపి పైకీ కిందికీ ఊగే స్వింగ్‌ఆర్మ్ సన్నటి ఉక్కు గొట్టాలది, అది తిరిగే ఇరుసు (పివట్) దగ్గర ప్లాస్టిక్ బుష్‌లనే తొడుగులు. బుష్ అరిగితే మలుపు మధ్యలో వెనక చక్రం తన దారి తాను చూసుకుంటుంది. ఆ జబ్బుకి మందుగా అమ్ముతున్న బాక్స్ సెక్షన్ (నలుపలకల గొట్టాల) ఆర్మ్ కిట్ ఇది. పెట్టెలో ఆర్మ్, నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్నటి రోలర్లున్నవి) రెండు, హార్డెన్ చేసిన లోపలి స్లీవ్ (పివట్ బోల్ట్ దూరే గొట్టం), ఆర్మ్ పక్కలకి వచ్చే థ్రస్ట్ వాషర్లు, సీళ్లు, చైన్ అడ్జస్టర్లు ఉంటాయి. పొడవు ఒరిజినల్ కన్నా 50 మి.మీ. ఎక్కువ.

ఆర్మ్ పనితనం మెచ్చుకోదగ్గదే. వెల్డింగ్ వరసలు సమంగా ఉన్నాయి, యాక్సిల్ స్లాట్లు రెండూ పివట్ నుంచి సమాన దూరంలో ఉన్నాయి. లోహం 7020 రకం అల్యూమినియం మిశ్రలోహం కావడం మంచి ఎంపిక. మరో మిశ్రలోహం 6061-టీ6ని వెల్డ్ చేసి అలాగే వదిలేస్తే అతుకు పక్కన బలం దాదాపు సగానికి పడిపోతుంది. 7020 మాత్రం వెల్డ్ అయ్యాక కొన్ని వారాల్లో గది వేడిమిలోనే చాలావరకు తిరిగి గట్టిపడుతుంది.

"విప్పి బిగిస్తే చాలు" అన్న కిట్ వాళ్ల మాట దగ్గరే పేచీ. పివట్ బోల్ట్ బిగించినప్పుడు ఫ్రేమ్ ప్లేట్ల మధ్య నొక్కుకుపోవాల్సింది లోపలి స్లీవ్ ఒక్కటే. దాని చుట్టూ ఆర్మ్ స్వేచ్ఛగా తిరగాలి. అందుకే ఆర్మ్ పివట్ గొట్టం, రెండు థ్రస్ట్ వాషర్లు కలిపిన కొలత కన్నా స్లీవ్ 0.1 నుంచి 0.2 మి.మీ. పొడవుండాలి. మేం కొలిచిన కిట్‌లో అది 0.3 మి.మీ. పొట్టిగా ఉంది. అలాగే బిగిస్తే బిగువంతా వాషర్ల మీద పడి ఆర్మ్ పట్టేస్తుంది. అది చూసి బోల్ట్ కాస్త వదులు చేసేవాళ్లున్నారు. అప్పుడు స్లీవ్ తిరగడం మొదలై ఫ్రేమ్ రంధ్రాన్నే తినేస్తుంది. సరైన దారి, బేరింగులు దించకముందే గొట్టం చివర్లను లేత్ మీద రెండు పక్కలా కలిపి 0.45 మి.మీ. ఫేసింగ్ చేయించడం (అంచులు చదునుగా చెక్కించడం). స్లీవ్ పొడవుగా వస్తే పని తేలిక, షిమ్ (పలచని రేకు వాషర్) వేస్తే సరి. ఫ్రేమ్ ప్లేట్ల మధ్య సందు ఎక్కువున్నా షిమ్మే వేయాలి. బోల్ట్‌తో ఫ్రేమ్‌ని దగ్గరికి లాగకూడదు.

బేరింగుల కోసం ఆర్మ్‌ని 100 డిగ్రీల దాకా వేడి చేసి, ఫ్రీజర్‌లో పెట్టిన బేరింగుని దించాలి. అక్షరాలు చెక్కిన అంచు మీదే నొక్కాలి. రెండో అంచు పలచన, సుత్తి తగిలితే లోపల సూదులు ఇరుక్కుంటాయి. పాత స్లీవ్ మెత్తగా ఉంటుంది కాబట్టి దాన్ని ఇందులో వాడొద్దు, సూదులు దాని మీద గాడి పెడతాయి. అంతా బిగించాక షాకబ్జార్బర్లు లేకుండా ఆర్మ్‌ని అడ్డంగా ఎత్తి వదిలితే తన బరువుకి మెల్లగా దిగాలి, పక్కకి ఊపితే ఆట తెలియకూడదు.

ఈ కొలతలన్నీ ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) వేయించే ముందే చూసుకోవాలి. పివట్ ప్లేట్ల లోపలి ముఖాలకి, రంధ్రానికి మాస్కింగ్ (పూత పడకుండా కప్పు) వేయించకపోతే ఒక్కో ముఖానికి 60 నుంచి 100 మైక్రాన్ల పొర చేరుతుంది. లేత్ మీద సాధించిన సందు అంతా అక్కడే పోతుంది. పైగా నలిగిన పెయింట్ కింద బోల్ట్ బిగువు నిలవదు.

50 మి.మీ. పొడవు వల్ల మారేవాటి గురించి కిట్ కాగితంలో ఒక్క ముక్క లేదు. షాకబ్జార్బర్ బ్రాకెట్ పాత దూరంలోనే ఉంది కాబట్టి స్ప్రింగ్ మీద చక్రం లివరేజ్ పెరుగుతుంది. లెక్క కోసం 480 మి.మీ. ఉన్న ఆర్మ్ 530 మి.మీ. అయిందనుకోండి. చక్రం దగ్గర స్ప్రింగ్ గట్టిదనం ఆ నిష్పత్తి వర్గం ప్రకారం 18 శాతం తగ్గుతుంది. పాత గట్టిదనమే కావాలంటే 20 న్యూటన్/మి.మీ. స్ప్రింగ్ స్థానంలో సుమారు 24 వేయాలి. ప్రీలోడ్ (స్ప్రింగ్ ముందస్తు బిగువు) తిప్పితే సీటు ఎత్తు పెరుగుతుందే తప్ప ఇది తీరదు. చైన్ పైనా కిందా కలిపి 100 మి.మీ. అదనంగా కావాలి. 530 సైజు చైన్ పిచ్ (ఒక్కో లింకు పొడవు) 15.875 మి.మీ. కాబట్టి అది ఆరు లింకులకి కాస్త పైన. ఆరు కలిపితే చక్రం రెండున్నర మి.మీ. ముందుకి జరుగుతుంది, అడ్జస్టర్లో చోటుంటే అదే మేలు. వెనక డ్రమ్ బ్రేక్ ఉన్న బండికి బ్రేక్ రాడ్ కూడా పొడవుది చేయించుకోవాలి.

డ్రమ్ టార్క్ రాడ్ లగ్ (బ్రేక్ ప్లేట్ తిరగకుండా ఆపే రాడ్‌ని ఆర్మ్‌కి పట్టే చెవి) విడిగా వస్తుంది, మనమే వెల్డ్ చేయించుకోవాలట. బ్రేక్ తొక్కినప్పుడు ఆ బలాన్నంతా ఆపేది ఈ లగ్గే. ఊడితే బ్రేక్ ప్లేట్ గిర్రున తిరిగి చక్రం లాక్ అవుతుంది. ఇంత ముఖ్యమైన అతుకుని కొన్నవాళ్ల మీదికి నెట్టడం బాధ్యత లేనితనం.

150 మి.మీ. వెడల్పు టైరు పడుతుందన్న ప్రచారం నిజమే, చైన్ లేకుండా చూస్తే! పాత 4.00 అంగుళాల టైరు కన్నా అది ఒక్కో పక్క దాదాపు 25 మి.మీ. బయటికి వస్తుంది. ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ (పళ్లు పక్కకి జరిగిన చైన్ చక్రం)తో చైన్‌ని బయటికి జరిపితే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ బేరింగు మీద వంపు భారం పెరుగుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. 120 వేసి, టైరుకీ చైన్‌కీ మధ్య కనీసం 5 మి.మీ. వదలండి.

లేత్ పని తెలిసిన మనిషి అందుబాటులో ఉంటే ఈ కిట్ కొనొచ్చు. లేకపోతే ఒరిజినల్ ఆర్మ్‌లో ప్లాస్టిక్ తీసి కాంస్య బుష్‌లు వేయించి రీమ్ చేయిస్తే (రంధ్రాన్ని సరైన కొలతకి నున్నగా చెక్కిస్తే) రోడ్డు మీద నడిపే బండికి సరిపోతుంది. కొంటే మాత్రం చైన్ స్లైడర్ (చైన్‌కీ ఆర్మ్‌కీ మధ్య అడ్డుండే పట్టీ) విడిగా తెప్పించుకోండి. పెట్టెలో అది లేదు, స్లైడర్ లేకుండా నడిపితే పివట్ దగ్గర అల్యూమినియాన్ని చైన్ కోసేస్తుంది.