కొల్హాపూర్‌లో పోలండ్ వాళ్ల సమాధులు: మా రెండు రోజుల ప్రయాణం

హరిప్రియ ఎక్స్‌ప్రెస్‌లో చాలామంది తిరుమల దర్శనం అయ్యాక కొల్హాపూర్ మహాలక్ష్మి దగ్గరకు వెళ్లేవాళ్లే. పోయిన అక్టోబరు చివర్లో కడపలో మా ఆవిడా నేనూ అదే రైలెక్కాం. ఎదురు బెర్తులో ఉన్న పెద్దావిడ "అమ్మవారికి మొక్కా నాయనా?" అని అడిగింది. "కాదమ్మా, అక్కడ కొన్ని సమాధులున్నాయి, చూసొద్దామని" అన్నాను. "మీవాళ్లవా?" అంది. పోలండ్ వాళ్లవి అనేసరికి మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది.

1939 సెప్టెంబరులో పోలండ్‌ను పడమటి నుంచి జర్మనీ, తూర్పు నుంచి సోవియట్ సైన్యం ఆక్రమించాయి. 1940 ఫిబ్రవరి నుంచి తూర్పు పోలండ్ కుటుంబాలను రైళ్లలో కుక్కి సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించారు. 1941లో పోలండ్, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి విడుదలైనవాళ్లలో లక్షకు పైగా జనం మరుసటి ఏడాది కాస్పియన్ సముద్రం దాటి ఇరాన్ చేరారు. ఆకలికీ టైఫస్ అనే విషజ్వరానికీ దారిలోనే ఎందరో పోయారు. ఒక్క టెహ్రాన్‌లోని దూలాబ్ సమాధుల తోటలోనే దాదాపు 1,900 మంది పోలండ్ వాళ్లున్నారు. బతికినవాళ్లలో ఐదు వేల మంది దాకా 1943 నుంచి 1948 వరకు కొల్హాపూర్ పక్కన వళివడేలో శిబిరంలో ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. బళ్లు, చర్చి, ఆసుపత్రి అన్నీ అక్కడే నడిచాయి. అక్కడ కన్నుమూసినవాళ్ల సమాధులే మేం చూడబోయేవి.

సాయంత్రానికి కొల్హాపూర్‌లో దిగాం. గుడి దగ్గర ఒక లాడ్జి ముందే ఫోన్లో మాట్లాడుకున్నాం. అదే మేం చేసిన పొరపాటు. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు, ఉదయం ఆరు నుంచి ఏడు దాకానే వచ్చాయి. రాత్రంతా హారన్ల మోత. రెండో రోజు స్టేషన్ వైపు మారాం. గది చిన్నదే కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఆటోలు గుమ్మంలోనే దొరికాయి. దర్శనం కోసం వెళ్లేవాళ్లకు గుడి పక్కన ఉండటమే సుఖం. సమాధులు, వళివడే చూడాలంటే మాత్రం స్టేషన్ దగ్గరే ఉండండి. భోజనానికి దిగులు లేదు. అక్కడి మాంసం పులుసులు తెల్ల రస్సా, ఎర్ర రస్సా రెండూ మాకు తెగ నచ్చాయి. ఎర్రది మన రాయలసీమ నాలుకకు కూడా కారమే.

ఆటోవాళ్లలో కొందరికి పోలండ్ సమాధులంటే తెలియలేదు. "క్రిశ్చన్ దఫన్‌భూమి" అంటే వెంటనే తీసుకెళ్లారు. పొద్దున ఏడున్నరకు వెళ్లాం, అది మంచిదైంది. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చెక్కిన అక్షరాల్లో నీడ నిలిచి, అరిగిన పేర్లు కూడా చదవడానికి వీలవుతుంది. పదకొండు దాటితే అదే రాయి నున్నటి పలకలా కనిపిస్తుంది.

ఒక సమాధి దగ్గర మా ఆవిడ చాలాసేపు కూర్చుండిపోయింది. పొడవు మూడడుగులు కూడా లేదు. ఇంటిపేరు చివర 'స్కా' ఉంది. పోలిష్‌లో అలాంటి ఇంటిపేర్లకు మగవాళ్లకైతే 'స్కీ', ఆడవాళ్లకైతే 'స్కా' వస్తుంది. అంటే ఆడపిల్ల. సైబీరియా చలిని తట్టుకుని, ఎడారి దాటి, సముద్రం దాటి వచ్చి ఇక్కడ ఆగిపోయిందేమో అనుకుంటే గొంతు పట్టేసింది. ఆ పేరులో ఒక 'ఎల్' అక్షరానికి అడ్డంగా చిన్న గీత ఉంది. ఆ గీత ఉంటే పలకడం 'వ' లాగా. మళ్లీ రంగు వేసేటప్పుడు తెలియక దాన్ని పూడ్చేస్తే ఆ పిల్ల పేరే మారిపోతుంది.

వీటిని ఎవరూ పట్టించుకోలేదని అనను. ఇండియాలో చిన్నతనం గడిపిన పోలండ్ వాళ్లు తర్వాత ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లూ, పోలండ్ ఎంబసీ పూనుకుని బాగు చేయించారు. కానీ ఆ పిల్లలే ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు. ఇకపై వానకీ నాచుకీ అడ్డం నిలబడాల్సింది ఇక్కడివాళ్లే. మీరు వెళితే మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు, అదీ అక్కడివాళ్లను అడిగాకే. ఇనుప బ్రష్షు, యాసిడ్ వద్దు. అక్షరాలు కనపడాలని సుద్దముక్క రుద్దొద్దు. ప్రతి రాయినీ పక్క వెలుగులో ఫోటో తీసి పెట్టుకోండి. రాయి పగిలినా పేరు మిగులుతుంది.

మహావీర్ గార్డెన్‌లో 1998లో పెట్టిన స్మారక స్తంభం ఉంది. పార్కు బాగుంది, పావుగంట చాలు. వళివడేకు ఆటోలో వెళ్లాం. శిబిరం ఉన్న చోటు ఇప్పుడు గాంధీనగర్. దేశ విభజన తర్వాత సింధీ కాందిశీకులు అక్కడే తలదాచుకున్నారు. ఒక కాందిశీకులు ఖాళీ చేసిన చోటికి ఇంకో కాందిశీకులు! నేడు అదంతా హోల్‌సేల్ బట్టల బజారు. 2019లో నిలిపిన స్తంభం చూశాం. ఒక దుకాణదారు దారి చూపించడమే కాదు, కుర్చీలేసి టీ తెప్పించాడు. పాత బారకాసుల గురించి వాళ్ల తాత చెప్పిన మాటలు గంటసేపు చెప్పాడు. ఇంత ఆదరం ఏ గైడు దగ్గరా దొరకదు. టైం తక్కువైతే పార్కు వదిలేయండి గానీ సమాధులూ గాంధీనగరూ వదలొద్దు.

మనకూ వీళ్లతో చిన్న సంబంధం ఉంది. అప్పట్లో బొంబాయిలో పోలండ్ కాన్సల్ భార్య, రెడ్‌క్రాస్ తరఫున ఈ శరణార్థుల కోసం తిరిగిన కీరా బనాసిన్స్కా యుద్ధం తర్వాత స్వదేశం వెళ్లలేదు, హైదరాబాదులో స్థిరపడ్డారు.

తిరిగొచ్చిన మూడు రోజులకు క్రైస్తవుల సమాధుల పండుగ. మా ఊళ్లో ఏటా చేసినట్టే నవంబరు 2కు ముందు సున్నం బకెట్టు పట్టుకుని మా నాయనమ్మ దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్ల సున్నం పొరలు పొరలుగా పేరుకుపోయి, రాతి మీద ఆమె పేరు చేతికి కూడా తగలడం లేదు. బకెట్టు పక్కన పెట్టి, వెదురు పుల్ల చెక్కుకుని, నీళ్లు చల్లుకుంటూ ఒక్కో అక్షరమే గీకడం మొదలుపెట్టాను. చీకటి పడేలోగా 'మరియ' వరకు వచ్చింది.